చిన్నాయన వడ ఎంత దూరం?

మా మేడ మీది గదులు ఖాళీగా ఉన్నాయని ఎవరు చెప్పారో గాని, మొన్న ఒక అమ్మాయి అద్దెకు అడగడానికి వచ్చింది. ఈ మధ్య మా వీధికి వచ్చే పిల్లలందరూ వైట్‌ఫీల్డ్ కంపెనీల వాళ్ళే. పొద్దున ఎక్కే బస్సు, రాత్రి దిగే బస్సు తప్ప వాళ్ళకు ఈ ఊరితో వేరే సంబంధం ఉండదు. ఈ పిల్లా అంతేననుకొని, "యాడమ్మా పని, వైట్‌ఫీల్డా?" అని అడిగాను. "కాదు ఆంటీ, రీసెర్చ్ చేస్తున్నా, ఆస్ట్రానమీలో," అంది. తొంభై దాటిన ముసలిదానికి ఎంతవరకు చెప్పాలో ఒక నిమిషం ఆలోచించుకొని, పసిపిల్లకు చెప్పినట్టు చేతులు తిప్పుతూ, "ఆకాశంలో ప్లానెటరీ నెబ్యులాలని ఉంటాయి. అవి మనకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవడం నా పని," అని ముగించింది.

"ఇంకా తేలలేదా?" అన్నాను నేను.

ఆ పిల్ల కాఫీ లోటా నోటిదాకా తెచ్చి ఆపేసింది. నా వంక చూసింది, గోడ మీది ఫోటోల వంక చూసింది, మళ్ళీ నా వంక చూసింది. తర్వాత చాలా మర్యాదగా, ఇప్పుడు ఉపగ్రహం ఒకటి ఆకాశంలో ఉండి కొలుస్తోందనీ, చాలావాటి దూరాలు బాగానే తేలాయనీ, కొన్నిటి విషయంలో మాత్రం పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నారనీ చెప్పింది. గదులు నచ్చాయంది. ఆమె వెళ్ళిపోయాక నేను ఒక్కదాన్నే కూర్చొని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ దూరం తేలకపోవడం వల్ల మా ఇంట్లో ఒక పెళ్ళి సంబంధం తప్పిపోయిందని చెబితే ఆ పిల్ల నమ్మేదో లేదో.

అప్పట్లో మా ఇల్లు బెంగళూరు చిక్కపేట వెనక సందులో ఉండేది. ముందు గదిలో నాయన గుడ్డల అంగడి, వెనక మా కాపురం. గంజి పెట్టిన కొత్త గుడ్డ వాసన అంగట్లో నుంచి వంటింటిదాకా వచ్చేది. వంటింట్లో అమ్మ వేయించే కాఫీ గింజల వాసన అంగడిదాకా పోయేది. ఈ రెండూ నడిమింట్లో కలిసేచోట మా అవ్వ చాప వేసుకొని, నశ్యం డబ్బీ పక్కన పెట్టుకొని, వచ్చేపోయేవాళ్ళను విచారిస్తూ కూర్చొనేది. నాయన పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ఇనుప గజం చేతబట్టుకొని గుడ్డ కొలిచేవాడు. కొలిచి కొలిచి ఆయనకు ఒక నమ్మకం ఏర్పడింది. లోకంలో ప్రతి వస్తువుకూ ఒక కొలత ఉంటుంది, అది ఒకటే ఉంటుంది, ఎవరు కొలిచినా అదే రావాలి. రాలేదంటే కొలిచినవాడు దొంగ.

ఆయన తమ్ముడు, మా చిన్నాయన రమణయ్య, హైస్కూల్లో లెక్కల మేష్టరు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మంచి వార్త విన్నవాడిలా ఉండేవాడు. ఆయనకు దూరదర్శిని కావాలనిపించింది. కొనేది కాదు, చేసుకునేది. యుద్ధం రోజులు. మిలిటరీవాళ్ళు పారేసిన సామాను అమ్మే అంగట్లో ఓడ కిటికీకి వేసే మందపాటి గాజు బిళ్ళలు రెండు దొరికాయి. వెనక వాకిట్లో ఖాళీ పీపా ఒకటి నిలబెట్టి, దాని మీద ఒక బిళ్ళను బిగించి, పైన రెండోది పెట్టి, మధ్యలో గరుకు పొడి, నీళ్ళు వేసి రుద్దేవాడు. దూరదర్శినిలో వేసే ఆ అద్దం అన్ని వైపులా సమానంగా అరగాలంటే రుద్దేవాడు పీపా చుట్టూ తిరుగుతూ ఉండాలట. బడి నుంచి వచ్చి, పంచె ఎగగట్టి, పీపా చుట్టూ తిరిగేవాడు. గరగరమని ఆ చప్పుడుకు మా వీధి కుక్కలు కూడా అలవాటుపడ్డాయి.

కొన్నాళ్ళు చూసి అవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. చదువుకున్నవాడు రోజూ కాళ్ళు కడుక్కొని వచ్చి దీని చుట్టూ తిరుగుతున్నాడంటే అందులో ఏదో మహిమ ఉండాలి. ఒక శుక్రవారం ఆయన బడికి పోయాక పీపాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గాజు మీద రెండు బంతిపూలు ఉంచి దండం పెట్టుకుంది. సాయంత్రం చిన్నాయన పువ్వులు తీసి పక్కన పెట్టి, చూసుకోకుండా రుద్దడం మొదలుపెట్టాడు. పువ్వుల్లో ఏ ఇసుక రేణువు ఉందో, గాజు మీద ఇంత పొడుగున గీత పడింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. గీత వంక చూసి, "అవ్వ భక్తి చాలా గట్టిది," అని మళ్ళీ మొదటి నుంచి తిరగడం మొదలుపెట్టాడు. అవ్వ అంటే ఆయనకు తల్లే గాని, మాతో పాటు ఆయనా అవ్వ అనే పిలిచేవాడు.

మెరుగు పెట్టేటప్పుడు ఇంకొక ఉపద్రవం. తారు, గుగ్గిలం కలిపి కరిగించాలి. అమ్మ ఊరికి పోయినప్పుడు చూసి వంటింటి పొయ్యి మీదే కరిగించాడు. అమ్మ తిరిగి వచ్చాక నెల దాకా మా ఇంట్లో దోసెలు గుగ్గిలం వాసన కొట్టాయి. ఆఖరున అద్దానికి వెండి పూత పట్టించాలి, ఆ మందులో చక్కెర కలపాలి. యుద్ధం రోజుల్లో చక్కెర రేషను. అమ్మ పొద్దున డబ్బా తీస్తే అడుగున చీమ ఒక్కటే ఉంది. ఆ వారమంతా మేము చేదు కాఫీ తాగుతూ, వాకిట్లో తళతళలాడుతున్న అద్దాన్ని చూస్తూ కూర్చున్నాం. "మంచిదే, నా కాఫీలో లేకుంటే నీ అద్దంలో ఉండాది, యాడికి పోతుంది," అంది అమ్మ. ఆమె అంతకంటే ఎక్కువ కోప్పడటం నేను చూడలేదు. అంతకంటే గట్టిగా తిట్టినా బాగుండేదని చిన్నాయన ముఖం చెప్పింది.

రేకు గొట్టంలో అద్దం బిగించి, కొయ్య కాళ్ళ మీద నిలబెట్టి మిద్దె మీదికి ఎక్కించేసరికి అది అచ్చం ఫిరంగిలాగా తయారైంది. బ్లాకౌట్ అమల్లో ఉండేది. వీధి దీపాలకు నల్ల రంగు, కిటికీలకు నల్ల కాగితాలు. ఊరంతా చీకట్లో తడుముకుంటూ బేజారుపడితే మా చిన్నాయన ఒక్కడే సంబరపడ్డాడు. చిక్కపేట నడిబొడ్డున నిలబడి పాలపుంత చూడగలగడం మళ్ళీ ఎప్పుడు వస్తుంది? వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం, దీపాలు పెట్టిన కాసేపటికి, మమ్మల్నందరినీ మిద్దె మీదికి పిలిచి ఆయన మొదట చూపించింది చంద్రుణ్ణి కాదు, శనినీ కాదు. పడమట ఇంకా ఎత్తున మెరుస్తున్న అభిజిత్తు నక్షత్రానికి దగ్గరలో, కంటికి ఏమీ కనబడని చోట ఒక చిన్న మసక ఉంగరం.

అవ్వ ఒక కన్ను మూసి, రెండోది కూడా మూసి, మళ్ళీ తెరిచి చూసింది. "అయ్యో, వడ!" అంది. "మసక్క మసక్కగా, నడుమ తూటుతో, ఉద్దివడ మాదిరే ఉండాదప్పా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దానికి ఇంకొక పేరు లేదు. చిన్నాయన దాని గురించి చెప్పిందంతా నాకు గుర్తుంది. నడుమ ఉన్న ముసలి నక్షత్రం ఎప్పుడో తన ఒంటి మీది వాయువును బయటికి వదిలేసింది, ఆ వాయువే ఉంగరమై వెలుగుతోంది, మెల్లమెల్లగా ఇంకా పరుచుకుంటోంది. ఇలాంటివి ఆకాశంలో చాలా ఉన్నాయి. వాటినే గ్రహ నీహారికలు, ఇంగ్లీషులో ప్లానెటరీ నెబ్యులాలు అంటారు. నాయన అంతా విని, గజం పట్టే చేత్తో గొట్టాన్ని ఒకసారి నిమిరి, ఆయన అడగవలసింది అడిగాడు.

"ఎంత దూరంలో ఉండాదిరా?"

"తెలీదన్నా."

"నీకు తెలీదా, ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒకాయన లెక్కకు ఇంకొకాయన లెక్క మూడింతలు ఉండాది."

నాయన గొట్టం మీది నుంచి చేయి తీసేశాడు. "ఒకే గుడ్డ ఒక అంగట్లో గజం, ఇంకొక అంగట్లో మూడు గజాలు వస్తాదా? వాళ్ళ అంగళ్ళు ఎట్ల నడుస్తా ఉండాయిరా?" అన్నాడు.

మెట్ల మీద కూర్చొని చిన్నాయన నాకు విడమరిచి చెప్పాడు. బొటనవేలు ముఖం ముందు పెట్టుకొని ఒక కన్నుతో, తర్వాత ఇంకొక కన్నుతో చూస్తే వేలు పక్కకు జరిగినట్టుంటుంది కదా. ఎంత జరిగిందో చూసి వేలు ఎంత దూరమో చెప్పొచ్చు. భూమి సూర్యుడికి ఈ పక్కన ఉన్నప్పుడొకసారి, ఆ పక్కన ఉన్నప్పుడొకసారి చూసి, దగ్గరి నక్షత్రాలను ఇట్లాగే కొలిచారు. వడ అంతకంటే చాలా దూరం, జరిగినట్టే కనబడదు. ఇంకొక దారి ఉంది. అమ్మ పెనం మీద దోసె పోస్తుంది. పిండి ఎంత వేగంగా పరుచుకుంటుందో మనకు తెలుసనుకో. దూరం నుంచి చూసేవాడికి దోసె ఎంత పెరిగినట్టు కనబడిందో కూడా తెలుసనుకో. ఆ రెంటినీ కలిపితే పెనం ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. వడ పరుచుకునే వేగం దాని వెలుగు రంగుల్లో తెలుస్తుంది. కాని అది పెరిగినట్టు కనబడాలంటే ఏళ్ళ తరబడి ఫోటోలు తీస్తూ కూర్చోవాలి. "అయితే ఎప్పటికి తెలుస్తాది?" అన్నాను. "ఏమో, నీకు తెలియొచ్చు," అన్నాడు, అదేదో మిఠాయి దాచిపెట్టినట్టు.

కథ ఇంతటితో ఆగిపోయేదే. కాని మా ఇంటికి శేషయ్య జోయిసరు వచ్చేవారు. పంచాంగం చూడటం, సంబంధాలు కుదర్చడం ఆయన పని. చిన్నాయనకు ముప్పై దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదని అవ్వ ఆయన్ను పట్టుకొని వేలాడుతుండేది. గ్రహ నీహారిక అనే మాట ఆయన చెవిన పడింది. అందులో మొదటి సగమే పడింది. రెండు రోజుల్లో బళేపేట నుంచి అవెన్యూ రోడ్డుదాకా ఒకటే మాట: గుడ్డల అంగడి రమణయ్య కొత్త గ్రహాన్ని కనుక్కున్నాడు.

అది చక్కబెడదామని చిన్నాయన మా పేట వాచనాలయంలో ఉపన్యాసం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. బోర్డు మీద "గ్రహ నీహారికల దూరములు" అని సుద్దతో రాశారు. ఆయన పది మంది వస్తే చాలనుకున్నాడు. నేనూ నాయనా పోయేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది చంకలో జాతకాలు పెట్టుకొని ఉన్నారు. చిన్నాయన నల్లబల్ల మీద ఉంగరం గీశాడు. వెనకటి చిన్న దూరదర్శినుల్లో ఇవి గ్రహం బిళ్ళలాగా గుండ్రంగా కనబడ్డాయి గనుక ఆ పేరు వచ్చిందనీ, గ్రహాలకూ వీటికీ ఏ సంబంధమూ లేదనీ చెప్పాడు. సభలో ఒక పెద్ద నిట్టూర్పు వినబడింది.

ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచాడు. "సంబంధం లేకుంటే ఆ పేరు ఏంటికి పెట్టినారప్పా?"

"పొరబాటున."

"మరి మార్చలేదా?"

"అందరికీ అలవాటైపోయింది."

"అయితే మా వాడి శనికి ఇది ఏమీ చేయదా?"

"చేయదండీ."

"చెడుపు కూడా చేయదా?" అన్నాడు ఆయన ఆశగా.

జాతకాలు ఒక్కొక్కటే వాకిలి దాటి వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు, వచ్చినందుకు ఏదో ఒకటి తెలుసుకొని పోదామని, దూరం అడిగారు. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. ఏ ఏ పద్ధతులున్నాయో, ఒక్కొక్కటి ఎక్కడ దెబ్బతింటుందో, ఎందుకు తెలియదో ఎంతో సంతోషంగా చెప్పుకొచ్చాడు. నడుమ నడుమ "అది తెలీదు", "అదీ తెలీదు" అంటూ, ఆ మాట అన్నప్పుడల్లా సుద్దముక్క చేతిలో ఎగరేసి పట్టుకునేవాడు. చివరి వరసలో జరీ తలపాగాతో కూర్చున్న ఒకాయన మధ్యలోనే లేచి వెళ్ళిపోవడం నేను చూశాను. ఎవరో నాకు తెలియలేదు, నాయన తమ్ముడి మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

మరునాడు తెలిసింది. ఆయన దొడ్డబళ్ళాపురం నరసింహయ్యగారు. పది మగ్గాల యజమాని. నాయనకు పట్టు చీరలు ఇచ్చేది ఆయనే. ఆయన రెండో కూతురు సరోజను చిన్నాయనకు అనుకొని, పిల్లవాడి మాటతీరు ముందు రహస్యంగా చూసిపొమ్మని జోయిసరే పిలిపించారు. ఆయన చూశారు. జోయిసరు మా నడిమింట్లో కూర్చొని, ఆయన అన్నది అన్నట్టు చెప్పారు: "మేష్టరు అంటిరి. అడిగినదానికల్లా తెలీదంటా ఉండాడు. తెలీనిదాన్ని చెప్పేదానికి సభ పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నా బిడ్డను ఈయను."

అవ్వ నశ్యం పీల్చడం మరిచిపోయింది. ఇది మొదటి సంబంధం కాదు. మేష్టరు జీతానికి పిల్లనిచ్చేవాళ్ళు ఎక్కువ లేరు. చిన్నాయన బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో చావు వార్త వచ్చినట్టుంది. నాయన ఆయన్ను కూర్చోబెట్టి, ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు.

"రమణా, ఒక లెక్క చెప్పి పోరాదా? ఇంత దూరం అని చెప్తే అయిపోయె. పోయి కొలిచేదెవరు?"

"రాబోయేవాళ్ళు కొలుస్తారన్నా."

"వాళ్ళు వచ్చేసరికి నీకు మనవళ్ళు పుడతారు గదరా!"

"తప్పు లెక్క చెప్తే ఆ మనవళ్ళు నవ్వుతారు," అన్నాడు చిన్నాయన. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ సాయంత్రం ఆయన మిద్దె ఎక్కలేదు. గొట్టం మీద గోనెపట్టా కప్పి వచ్చి, దివిటీ ఆరిపోయినవాడిలా వాకిట్లో పీపా మీద కూర్చున్నాడు. ఆయన్ను అలా చూడటం అదే మొదలు. అమ్మ అడగకుండానే కాఫీ పెట్టి, తన వాటా చక్కెర కూడా అందులోనే వేసి ఇచ్చింది.

చీరల కోసం నాయన దొడ్డబళ్ళాపురం పోవలసి ఉండింది. సంబంధం పోయినా బేరం పోకూడదు కదా. అవ్వ తానూ వస్తానంది, తోడుకు నన్ను లాక్కుపోయింది. రైల్లో పొడుగునా ఆ నరసింహయ్యను ఏమేమి అడగాలో వల్లె వేసుకుంది. తీరా పోయాక ఒక్కటీ అడగనివ్వలేదు ఆయన. మేము వచ్చిన రైలు ఎందుకు ఆలస్యమైందో, యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో, అవ్వ మోకాలి నొప్పికి ఏం రాయాలో మేము కూర్చొనేలోపలే చెప్పేశారు. "తెలీదు" అన్న మాట ఆ ఇంట్లో పుట్టలేదు. దారి అడిగినవాడికి ఆయన తెలిసినా చెప్పేవారు, తెలియకున్నా చెప్పేవారు. ఆ ఊళ్ళో ఎంతమంది ఎక్కడెక్కడికి పోయి తేలారో దేవుడికెరుక.

మగ్గాల చప్పుళ్ళ మధ్య, పట్టు దారం వాసన కొట్టే వెనక గదిలో సరోజ నాకు మజ్జిగ ఇచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కళ్ళు మాత్రం ఇంకా చిన్నపిల్లవి, ప్రతిదానికీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"మీ చిన్నాయన నిజంగానే తెలీదన్నాడా? అంతమంది ముందర?"

"అన్నాడు."

"సిగ్గుపడినాడా?"

"లేదక్కా. మా అవ్వ వడ అనే ఆ ఉంగరం గురించి సంతోషంగా చెప్పినాడు."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "మా నాయనకు తెలీనిది లేదు. నా చిన్నప్పుడు జొరమొస్తే డాక్టరు రాకముందే మందు చెప్పి తాగించినాడు. డాక్టరు వచ్చి దాన్ని కక్కించేదానికి మందిచ్చినాడు." తర్వాత గొంతు తగ్గించి, "నన్ను చూసేదానికి వచ్చినవాళ్ళంతా మా నాయన మాదిరే. ఒక్కడికీ తెలీనిది ఒక్కటీ లేదు. నాకు ఆ వడ చూడాలని ఉండాదే," అంది.

ఎలా చూస్తుందో నాకు తోచలేదు. ఆమెకు తోచింది. మేము బయలుదేరేటప్పుడు వాకిట్లో అందరి ముందూ తండ్రితో చాలా అమాయకంగా అంది: "నాయనా, పాపం వాళ్ళకు ఆ దూరం తెలీదంట. నువ్వు ఒకసారి పోయి చూసి చెప్పి రారాదా?"

నరసింహయ్యగారు తలపాగా సర్దుకున్నారు. "దానికేమి, చూస్తే చెప్పొచ్చు," అన్నారు. "బిడ్డ కూడా వస్తాది. చిక్కపేట చూసినట్టూ అవుతుంది."

అలా ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం, దూరం చెప్పడానికి ఆయన మా మిద్దె ఎక్కారు. వెనక సరోజ, నాయన, జోయిసరు, ఆయాసపడుతూ అవ్వ. చిన్నాయన కొత్త పంచె కట్టుకొని, గోనెపట్టా తీసి, గొట్టం తిప్పి వడను పట్టాడు. నరసింహయ్యగారు తలపాగా తీయకుండానే వంగి, కన్ను పెట్టి, లేచి నిలబడి, ఒక్క క్షణం కూడా తడబడకుండా, "కాశీకి నూరింతలు," అన్నారు.

"ఎట్ల చెప్పినారండీ?" అడిగాడు చిన్నాయన, నిజంగా తెలుసుకోవాలనే.

"కాశీకి పోయి వచ్చినవాణ్ణి నేను," అన్నారాయన.

సరోజ చూడబోయేసరికి మబ్బు కమ్మింది. మబ్బు పోయేదాకా అందరం చీకట్లో పిట్టగోడ పక్కన నిలబడ్డాం. అప్పుడు ఉత్తరం దిక్కున, కిందుగా, నల్లటి చీకట్లో ఒక ఎర్రటి చుక్క కనబడింది. అంత బ్లాకౌట్‌లో అదొక్కటే వెలుగు.

"అదిగో, నంది కొండ మీద దీపం," అన్నారు నరసింహయ్యగారు. "మా దిక్కు కదా, నాకు తెలీదా."

"అంత దూరం కాదన్నా," అన్నాడు నాయన. "హెబ్బాళ దిక్కు ఎవడో లాంతరు బయట పెట్టినాడు."

జోయిసరు ఇద్దరి వంకా జాలిగా చూశారు. "కుజుడు. ఎరుపు చూసి కూడా తెలుసుకోలేరా? ఉదయిస్తా ఉండాడు."

"ఉత్తరాన ఉదయిస్తాడా?" అంది సరోజ మెల్లగా. జోయిసరు వినబడనట్టు ఊరుకున్నారు.

"నువ్వేమంటావప్పా?" నరసింహయ్యగారు చిన్నాయన వైపు తిరిగారు. ఇదే పరీక్ష అని అందరికీ అర్థమైంది. నాయన చీకట్లోనే చిన్నాయన చేయి గిల్లడం నేను చూశాను.

"తెలీదండీ," అన్నాడు చిన్నాయన. "ఆ దీపం ఎంత పెద్దదో తెలిస్తే ఎంత దూరమో చెప్పొచ్చు. ఎంత దూరమో తెలిస్తే ఎంత పెద్దదో చెప్పొచ్చు. మనకు రెండూ తెలీవు. నా వడతో వచ్చిన కష్టం కూడా ఇదే."

"మా ఊరి దిక్కు దీపం నాకు తెలీదంటావా?"

అంతలో ఆ చుక్క ఒక్కసారి ఎర్రగా ప్రకాశించింది. "ఉగ్రంగా ఉండాడు," అన్నారు జోయిసరు, చేతులు జోడించి.

ఆ తర్వాత నంది కొండ దగ్గింది.

మామూలు దగ్గు కాదు, ఛాతీలో నుంచి వచ్చే పొడి దగ్గు. దాని వెంటే పక్కింటి కింది నుంచి ఆడగొంతు: "ఏమండీ, మిద్దె మీద ఎవరు? మళ్ళీ బీడీనా?" ఎర్ర చుక్క గాల్లో చిన్న సున్న చుట్టి, కింద పడి ఆరిపోయింది. పక్కింటి రిటైరైన అమల్దారుగారు, భార్యకు తెలియకుండా మిద్దెక్కి బీడీ తాగుతున్నారు. ఆయనకూ మాకూ నడుమ నాయన గజంతో కొలిచే దూరమే.

మొదట నవ్వింది సరోజ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. తర్వాత అవ్వ, తర్వాత నాయన, చివరికి పక్క మిద్దె మీది చీకట్లో అమల్దారుగారు కూడా దగ్గుతూనే నవ్వారు. చిన్నాయన మాత్రం నవ్వలేదు. నరసింహయ్యగారి పక్కన నిలబడి, "చీకట్లో ఎవరికైనా అట్లే ఉంటాదండీ," అన్నాడు. ఆ ముసలాయన చాలాసేపు చిన్నాయన ముఖం చూశారు. చీకట్లో ఏం కనబడిందో.

మబ్బు తొలిగింది. సరోజ కన్ను పెట్టి చూసింది. మా అందరికంటే ఎక్కువసేపు చూసింది. "నడుమ ఏమీ లేదా?" అంది.

"చిన్న నక్షత్రం ఉండాది. ఈ అద్దానికి అందదు."

"మీరు చూసినారా?"

"లేదు. పెద్ద అద్దాలున్నవాళ్ళు ఫోటో తీసినారు. నేను నమ్మినాను."

"నేనూ నమ్ముతాను," అంది ఆమె, కన్ను తీయకుండానే. చిన్నాయన సుద్దముక్క లేకుండానే ఎగరేసి పట్టుకున్నట్టు చేయి కదిపాడు.

కింద ఆకులు వేశారు. జోయిసరు తన గౌరవం తిరిగి తెచ్చుకోవాలని, "మరి ఏమంటారు?" అని నరసింహయ్యగారిని అడిగారు. ఆయన పాయసంలో వేలు పెట్టి కూర్చున్నారు. ఇంటిల్లిపాదీ ఆయన నోటి వంక చూస్తున్నాం.

"నాకేమి తెలుసప్పా," అన్నారాయన. "బిడ్డను అడగండి."

వంటింటి గడప దగ్గర సరోజ చేతిలో నేతిగిన్నె ఉంది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట ఆ మాట మొదటిసారి విన్నదేమో, ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చి చిన్నాయన ఆకులో నెయ్యి వేసింది, అన్నం మునిగేదాకా వేసింది. యుద్ధం రోజుల్లో అంత నెయ్యి వేస్తే అర్థం ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అమ్మ మాత్రం గిన్నె వంక చూసి కళ్ళు మూసుకుంది.

మా చిన్నమ్మ అలా వచ్చింది. ఇద్దరూ చాలా ఏళ్ళు బతికారు, బాగా బతికారు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టగానే మిద్దె ఎక్కేవారు. ఇప్పుడు ఆ సందులో ఆకాశం నారింజ రంగులో ఉంటుంది. అభిజిత్తు ఒక్కటే వెలవెలబోతూ కనబడుతుంది, దాని పక్కన ఏమి ఉన్నా కనబడదు. దూరం తెలిసిన కాలానికి వచ్చేసరికి వస్తువు కనబడటం మానేసింది. ఏది మేలో నన్నడిగితే చెప్పలేను. ఈ రోజుల్లో మా మనవలను ఏది అడిగినా జేబులో నుంచి ఫోను తీసి జవాబు చెబుతారు. జవాబు తెలిసినందుకు వాళ్ళు సంతోషపడటం మాత్రం నేను చూడలేదు. చిన్నాయన తెలియనందుకు పడిన సంతోషంలో పదో వంతు కూడా వాళ్ళ ముఖాల్లో ఉండదు.

అందరికంటే ఎక్కువ మారింది నరసింహయ్యగారే. పెళ్ళయ్యాక బెంగళూరుకు సరుకు తెచ్చినప్పుడల్లా, తోటి మగ్గాలవాళ్ళను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని మా మిద్దె ఎక్కేవారు. తనే గొట్టం తిప్పి, తనే వడను పట్టి, ఒక్కొక్కరినీ వంగి చూడమనేవారు. చూసినవాడు లేచి అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది కదా. దానికోసమే ఆయన కాచుకొని ఉండేవారు. జరీ తలపాగా పైకెత్తి, ఛాతీ ముందుకు పెట్టి, చిక్కపేటంతా వినబడేట్టు చెప్పేవారు:

"ఎవరికీ తెలీదు! మా అల్లునికే తెలీదంటే ఇంక లోకంలో ఎవరికి తెలుస్తాదప్పా?"